కారుకు వినైల్ తొడుగు: ఎంపికలోని విజ్ఞానము

ఇనుమునకు గాలియు, నీరును శత్రువులు. ఈ రెంటినుండి కారు రేకును కాపాడుటకే కర్మాగారమున దానిపై రంగు పూయుదురు. కంటికి ఇంపుగా నుండుట రెండవ ప్రయోజనము. ఇటీవలి కాలమున ఈ రంగుపై మరియొక పలుచని వినైల్ పొరను అతికించు పద్ధతి వ్యాపించినది. కారు రంగు మార్చవలెనన్న కోరికయు, అసలు రంగుపై గీతలు పడరాదన్న జాగ్రత్తయు దీనికి కారణములు. కొన్నియేండ్ల పిమ్మట పొరను ఊడదీసినచో క్రింది రంగు మునుపటివలెనే యుండును.

అయితే ఇది సరియైన పొరను ఎన్నుకొని, సరియైన రీతిని అతికించినపుడు మాత్రమే జరుగును. ఎంపికలో పొరపాటు జరిగినచో అంచులు ముడుచుకొనిపోవును, పైభాగము పగులును, ఊడదీయునపుడు పొర ముక్కలు ముక్కలై, జిగురు రేకుపైననే నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు రంగు సైతము పెచ్చులుగా లేచివచ్చును. ఏ రక్షణకై పొర వేయబడినదో ఆ రక్షణయే పోవును. కనుక ఇంటివద్ద స్వయముగా ఈ పని చేయదలచినవారు అంగడిలో రంగుల పుస్తకము తెరచుటకు ముందే పొర స్వభావమును తెలిసికొనవలయును. రసాయన, భౌతిక, గణిత శాస్త్రములు మూడును ఇందు కలిసి పనిచేయుచున్నవి.

వినైల్ అనగా నేమి?

ఇథిలీన్ అణువులోని నాలుగు హైడ్రోజన్ పరమాణువులలో ఒకదానికి బదులు క్లోరిన్ పరమాణువు చేరినచో వినైల్ క్లోరైడ్ అను వాయువగును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెన్యో దీనిని 1835లో తయారుచేసెను. 1872లో జర్మను రసాయనవేత్త బౌమన్, ఈ వాయువు గల గాజు గొట్టములు ఎండలో నుండగా వానిలో తెల్లని ఘనపదార్థము ఏర్పడుట గమనించెను. చిన్న అణువులు ఒకదానితో నొకటి చేయి కలిపి పొడవైన గొలుసులుగా మారినందున ఇట్లయినది. ఆ గొలుసు పదార్థమే పాలీవినైల్ క్లోరైడ్, వాడుకలో పి.వి.సి.

అది గట్టిగా, పెళుసుగా నుండుటచే చాలకాలము ఎవరికిని అంతగా ఉపయోగపడలేదు. 1926లో అమెరికాలోని గుడ్‌రిచ్ సంస్థలో పనిచేయుచున్న వాల్డో సీమన్, రబ్బరును లోహమునకు అతికించు పదార్థమును వెదకుచు, పి.వి.సి.ని అధికోష్ణోగ్రత వద్ద మరుగు ద్రావణులలో వేడిచేసెను. చల్లారిన పిమ్మట అది సాగుచు, వంగుచు, రబ్బరును పోలియుండెను. ఆయన వెదకిన జిగురు దొరకలేదు గాని, మెత్తని వినైల్ దొరకినది.

ఇందలి రహస్యమును వంటింటిలోనే చూడవచ్చును. వండిన సేమ్యా ఆరిపోయినచో పోగులన్నియు ముద్దగా అతుకుకొనిపోవును. అందు కొంచెము నూనె కలిపినచో పోగులు ఒకదానిపై నొకటి జారును. పి.వి.సి. గొలుసుల నడుమ చేరి అట్లే వానిని జారునట్లు చేయు ద్రవ్యమునకు ప్లాస్టిసైజరు అని పేరు. అది లేని పి.వి.సి. సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గట్టిగానే యుండును. ఇండ్లలోని నీటి గొట్టములు ఇట్టివి. ప్లాస్టిసైజరు కలసినపుడు గది వేడిమియందే మెత్తగా నుండును. కారు తొడుగు అట్టిది.

ప్లాస్టిసైజరులు రెండు రకములు. చిన్న అణువులు గలది చవుక. కాని అది క్రమముగా పొరనుండి వెలికి పోవును, లేదా జిగురులోనికి దిగును. పాత సీట్ల రెక్సిన్ గట్టిపడి పగులుట ఇందువలననే. పెద్ద అణువులు గలది గొలుసుల నడుమ చిక్కుకొని అంత త్వరగా కదలదు. అంగడిలో మొదటిదానిని మోనోమెరిక్ అనియు, రెండవదానిని పాలిమెరిక్ అనియు అందురు. మొదటి రకము పొరను కారు మొత్తమునకు కొనుట ధనవ్యయమే.

దోసె పొర, చపాతీ పొర

పొర తయారగు పద్ధతి అంతకంటె ముఖ్యమైనది. వేడి పి.వి.సి. ముద్దను బరువైన రోలరుల నడుమ నొక్కి, లాగి, పలుచగా చేయుట ఒక పద్ధతి; దీనిని క్యాలెండర్డ్ పొర అందురు. ద్రవరూపమున నున్న వినైల్‌ను నునుపైన ఆధారముపై పలుచగా పోసి, పొయ్యిలో వేడిచేసి, ద్రావణిని ఆవిరిగా పోగొట్టి పొరగా మిగుల్చుట రెండవ పద్ధతి. ఇది కాస్ట్ పొర, అనగా పోతపొర.

చపాతీ వత్తునపుడు కర్ర తీసిన వెంటనే పిండి కొంత వెనుకకు ముడుచుకొనుట గృహిణులందరును ఎరిగినదే. వత్తిన బలము పిండిలో దాగియుండును. క్యాలెండర్డ్ పొరలోను ఇట్లే లాగుడు దాగియుండును. ఎండలో వేడెక్కినపుడు అది తన పూర్వపు ఆకారమునకు పోజూచును. దోసె అట్లు కాదు. పిండిని పోసిన రూపముననే అది గట్టిపడును. పోతపొరలో దాగిన బలము చాల తక్కువ. అందుచే అది తక్కువగా ముడుచుకొనును, వంపులపై ఒదిగి కూర్చుండును.

ఈ భేదము ఎంతటిదో చిన్న లెక్క తెలుపును. 1200 మిల్లీమీటర్ల పొడవు గల బానెట్‌పై పొర నూటికి అరవంతు ముడుచుకొనెననుకొందము. తగ్గుదల 6 మిల్లీమీటర్లు. ఒక్కొక్క అంచున 3 మిల్లీమీటర్లు. అంచున తొలగినచోట పాత రంగు గీతవలె కనబడును. జిగురు బయటపడి దుమ్ము పట్టును. ఆ సందున నీరు చేరును.

పోతపొర మందము సాధారణముగా 50 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు. క్యాలెండర్డ్ పొరలు 70 నుండి 100 మైక్రాన్ల వరకు నుండును. మందముగా నున్నది మేలైనదను తలంపు ఇక్కడ చెల్లదు. రాళ్ల దెబ్బలనుండి రక్షణయే ముఖ్యమైనచో, 150 నుండి 200 మైక్రాన్ల పాలీయూరిథేన్ పొరలు వేరుగా కలవు. వాని వెలయు ఎక్కువ, అతికించుటయు కష్టము.

బంతికి కాగితము చుట్టుట

ఒక కాగితమును డబ్బాకు చుట్టినచో ముడుత లేకుండ అతుకును. అదే కాగితమును బంతికి చుట్టినచో ఎంత నేర్పరికైనను ముడుతలు తప్పవు. డబ్బా ఒక దిక్కున మాత్రమే వంగియున్నది. బంతి రెండు దిక్కులను వంగియున్నది. సాగని సమతలపు రేకును రెండు దిక్కుల వంపుగల తలముపై ముడుత లేకుండ పరచుట అసాధ్యమని 1827లో గణితవేత్త గౌస్ ప్రకటించిన సిద్ధాంతమువలన తేలును.

కారు తలుపు చాలవరకు డబ్బా వంటిది. అద్దపు తొడుగు, బంపరు మూలలు బంతి వంటివి. అచ్చట పొర సాగక తప్పదు. సాగినపుడు ఘనపరిమాణము మారదు గనుక మందము తగ్గును. 50 మైక్రాన్ల పొరను పొడవున నూటికి 20 వంతులు సాగదీసినచో మందము 50ని 1.2చే భాగించగా సుమారు 42 మైక్రాన్లగును. వెడల్పునను అంతే సాగినచో 50ని 1.44చే భాగించవలెను, సుమారు 35 మైక్రాన్లు మాత్రమే మిగులును. అచ్చట రంగు వెలవెలబోవును. తిరిగి ముడుచుకొను బలమును ఎక్కువగును. కనుక లోతైన వంపులవద్ద అతిగా సాగదీయుటకంటె, అతుకు వేయుటయే మంచిది.

జిగురు పనిచేయు తీరు

ఈ పొరల వెనుకనుండు యాక్రిలిక్ జిగురు ఎండి గట్టిపడునది కాదు. మిక్కిలి చిక్కని ద్రవమువలె నొత్తిడికి నెమ్మదిగా పారి రేకును తడుపునది. స్క్వీజీ అను గీకుడు బద్దతో గట్టిగా నొక్కుట ఇందుకే. పట్టు పూర్తిగా కుదురుటకు ఒక దినమైనను పట్టును.

మైనపు పాలిష్, సిలికోన్, నూనె, దుమ్ము ఈ తడుపుటకు ఆటంకములు. ఒకే టేపు ముక్కలను మురికి గోడపైన, తుడిచిన గాజుపైన అతికించి లాగి చూచినచో విద్యార్థులకు ఈ సంగతి స్పష్టమగును.

మేలైన పొరలలో జిగురు పొరపై సన్నని కాలువలు తీర్చియుండును. నొక్కినపుడు గాలి వాని వెంట బయటికి పోవును. మొదటిసారి పని చేయువారు ఈ ఏర్పాటు గల పొరనే కొనవలయును. తేలికగా అంటించి, మరల ఎత్తి సరిచేయుటకు వీలున్నదా యని కూడ అడుగవలయును.

ఎండ చేయు పని

బౌమన్ గొట్టములలో వినైల్‌ను పుట్టించిన సూర్యకాంతియే దానిని చెరుపును. అతినీలలోహిత కిరణములు గొలుసునుండి హైడ్రోజన్ క్లోరైడును వెడలగొట్టును. మిగిలిన గొలుసు పసుపు, గోధుమ రంగులకు తిరిగి పెళుసగును. దీనిని ఆపుటకు స్థిరీకారులను, కిరణములను పీల్చు ద్రవ్యములను కలుపుదురు. తెల్లని పొరలలోని టైటానియం డయాక్సైడ్ కూడ ఒక రక్షకమే.

కారు పైకప్పు, బానెట్ ఆకాశమునకు అభిముఖముగా నుండుటచే తలుపులకంటె చాల ఎక్కువ ఎండను పొందును. అందుచేతనే తయారీదారులు వీనికి తక్కువ కాలపు హామీని, వేడి దేశములకు మరింత తక్కువ హామీని ఇత్తురు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవి తీవ్రత తెలుగువారికి చెప్పనక్కరలేదు. చల్లని దేశమునకు వ్రాసిన హామీని చూచి ఇచ్చట పొర కొనరాదు. నల్లని పొర తెల్లనిదానికంటె ఎక్కువ వేడెక్కునని గుర్తుంచుకొనవలయును.

కొనుటకు ముందు పరీక్షలు

దుకాణదారు నుండి జానెడు నమూనాలు తెచ్చుకొన్నచో పాఠశాల ప్రయోగశాలలోనే రెండు పరీక్షలు చేయవచ్చును.

మొదటిది మందము. స్క్రూగేజితో వెనుక కాగితముతో కూడిన పొరను, పిమ్మట ఆ కాగితమును విడిగాను కొలువవలయును. భేదము పొర, జిగురుల మొత్తము మందము. జిగురు సుమారు 30 మైక్రాన్లుండును గనుక పోతపొరకు ఈ భేదము 80 మైక్రాన్ల ప్రాంతమున రావలెను. సన్నని క్యాలెండర్డ్ పొరలును కలవు గనుక ఈ పరీక్ష ఒక్కటే చాలదు.

రెండవది ముడుచుకొనుట. నమూనాను శుభ్రమైన రేకు ముక్కపై అతికించి, ఒక దినము ఆగి, నడుమ పదునైన బ్లేడుతో కూడిక గుర్తువలె కోసి, వారము దినములు మంచి ఎండలో నుంచవలయును. కోత విచ్చుకొనిన వెడల్పును భూతద్దముతో చూచి, రెండు మూడు నమూనాలను పోల్చవలయును. తక్కువగా విచ్చుకొన్నది మేలు. ఈ పరీక్ష ఎన్నడును కారుపై చేయరాదు.

ఇక రంగు విషయము. నిగనిగలాడు పొర ప్రతి దుమ్ము రేణువును చూపును. క్రోము అద్దమువంటి పొరను సాగదీయుట నేర్పరులకే కష్టము. మందకాంతి గల పొర చిన్న లోపములను కప్పును గనుక క్రొత్తవారికి అనుకూలము. లోహపు మెరుపు గల పొరనుండి భాగములన్నిటిని ఒకే దిక్కున కోయవలయును. లేనిచో రెండు తలుపులు రెండు రంగులుగా కనబడును. చుట్ట వెడల్పు సాధారణముగా 1.52 మీటర్లు. చిన్న కారునకు సుమారు 15 మీటర్లు, పెద్దదానికి 18 మీటర్లు లేక అంతకు మించి కావలసివచ్చును. ముందు భాగములను కొలిచి, పొరపాటునకు కొంత చేర్చి ఒకేసారి కొనుట మేలు. మరల తెచ్చిన చుట్ట రంగు కొంచెము భేదించవచ్చును.

అతికించుట, ఊడదీయుట

పెచ్చులూడుచున్న రంగుపైన గాని, త్రుప్పుపైన గాని పొర నిలువదు. క్రొత్తగా పూసిన రంగు పూర్తిగా గట్టిపడువరకు ఆగవలెను. కారును కడిగి, ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువవలయును. గాలి, దుమ్ము లేని నీడపట్టున, సుమారు 20 నుండి 30 డిగ్రీల వేడిమిలో పని జరుగవలయును. బల్లపరుపుగా నుండు భాగముతో ప్రారంభించి, ఇద్దరు పట్టుకొని, నడుమనుండి అంచులకు నొక్కుచు పోవలెను. కత్తితో కారుపై కోసినచో రంగు తెగి, ఆ గీతనుండి త్రుప్పు మొదలగును; దారము గల కోత టేపును వాడుట క్షేమము.

చివర సాగిన చోట్లను, అంచులను హీట్ గన్‌తో తయారీదారు చెప్పిన మేరకు, సాధారణముగా 90 డిగ్రీలకు పైగా వేడిచేయవలయును. అప్పుడు గొలుసులు సర్దుకొని, క్రొత్త ఆకారమును తమదిగా చేసికొనును. ఈ పని విడిచినవారి అంచులే ముందుగా లేచును. అతిగా వేడిచేసినచో పొర మాడి ఊపిరికి హానిచేయు వాయువు వెడలును. గాలి ఆడుచోటనే ఈ పని చేయవలయును.

హామీ కాలము ముగియకముందే పొరను వెచ్చజేసి, నెమ్మదిగా లాగి తీయవలెను. పెళుసైనదాక ఉంచినచో గోటితో గీకవలసివచ్చును. తీసిన పొరను తగులబెట్టరాదు, పి.వి.సి. మంటనుండి హైడ్రోజన్ క్లోరైడ్ వెడలును.

మన దేశమున రిజిస్ట్రేషన్ పత్రములో బండి రంగు నమోదై యుండును. కనుక రంగు మార్చదలచినవారు ముందుగా రవాణా కార్యాలయమున విచారించుకొనవలయును.

పోతపొర, పెద్ద అణువుల ప్లాస్టిసైజరు, గాలి కాలువల జిగురు, వేడి ప్రాంతపు హామీ అను ఈ నాలుగింటిని మొదట చూచి, రంగును చివర చూచువాడు సాధారణముగా మోసపోడు.