‘మాఫీ వస్తుందట, కట్టకండి!’

ఎన్నికల ఊసెత్తితే చాలు, డ్వాక్రా సంఘాల్లో ఈ కబురు గుప్పుమంటుంది. ఎవరు చెప్పారో, జీవో ఎక్కడుందో ఎవరూ అడగరు. సంఘం లీడరు మాత్రం తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకుని కిస్తీ కోసం గడపగడపా ఎక్కాలి. ‘‘అందరూ ఆపేస్తుంటే నేనొక్కదాన్నే ఎందుకు కట్టాలక్కా?’’ అన్నదే ఆమెకు దొరికే జవాబు.

అపోహ: మాఫీ ఎలాగూ వస్తుంది, ఇప్పుడు కట్టడం తెలివితక్కువ.

వాస్తవం: బ్యాంకు అప్పిచ్చింది సంఘానికి. పదిమందిలో ముగ్గురు ఎగ్గొడితే మొండిబాకీ ముద్ర మొత్తం ఖాతా మీద పడుతుంది. పైసాతో సహా కట్టిన ఏడుగురికీ తర్వాతి లింకేజీ రుణం ఆగిపోతుంది. వడ్డీ రాయితీ గడువులో కట్టినవారికే. మీరు కట్టడం ఆపినా వడ్డీ పెరగడం ఆగదు. బ్యాంకు తలుపు మూసుకున్నాక దిక్కయ్యేది వారం వారం గుమ్మంలో కూర్చునే ప్రైవేటు ఫైనాన్సే. ఆ దారి ఎక్కడికి పోతుందో 2010లో చూశాం. ఆ అప్పుల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాక, అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థలకు ముకుతాడు వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది.

మాఫీ ఎన్నడూ రాలేదా అంటే, వచ్చింది. ఒప్పుకోక తప్పదు. 2019 ఏప్రిల్ 11 నాటి బాకీని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ఆసరా’ పేరుతో చెల్లించింది. నోరు కట్టుకుని ముందే తీర్చేసిన సంఘాలకు దక్కింది సున్నా. వాళ్ల కడుపుమంట న్యాయమే. కానీ ఇచ్చింది నాలుగు విడతల్లో. చివరిది అందేసరికి 2024 వచ్చింది. అన్నేళ్లూ బ్యాంకు కళ్లు మూసుకుంటుందా?

అపోహ: సంఘం ప్రభుత్వానిది.
వాస్తవం: పొదుపు మీది, తీర్మానం మీది. ఫొటోలు మాత్రం నాయకులవి.

అపోహ: ఆడవాళ్ల సంఘాలతో ప్రాంతం బాగుపడదు.
వాస్తవం: తెలంగాణలోని ముల్కనూరు వెళ్లి చూడండి. సర్కారు వాటాధనం అక్కర్లేని 1995 నాటి సహకార చట్టం కింద మహిళలు 2002 నుంచి డెయిరీ నడుపుతున్నారు.

సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, బ్యాంకు కలిసి నడిస్తేనే డబ్బు ఊళ్లో గేదె అవుతుంది, కిరాణా కొట్టవుతుంది. అందులో ఒకరు చెయ్యి వదిలితే మిగతావారూ కూలబడతారు.

కాబట్టి మాఫీ కబురు మోసుకొచ్చినవారిని ముందు జీవో నంబరు అడగండి. నిజంగా కట్టలేని సభ్యురాలుంటే సమావేశంలోనే చెప్పించి, అందరూ కలిసి మేనేజరు దగ్గరకెళ్లి గడువు మార్చమనండి. దాచిపెడితే ఆ భారం తోటివారి మీద పడుతుంది. లీడరు చేతికిచ్చిన కిస్తీ ఖాతాలో పడిందో లేదో నెలనెలా పాస్‌బుక్కులో చూసుకోండి. పుకారు నమ్మడానికున్న తీరికలో సగం చాలు ఆ పనికి.