ఎండ పోయాక కరెంటు ఎవరిది?

వెయ్యి మెగావాట్ల అణు రియాక్టరు ఏడాదికి సుమారు 700 కోట్ల యూనిట్లు ఇస్తుంది. అంతే సామర్థ్యమున్న సోలార్ పార్కు ఇచ్చేది అందులో దాదాపు పావు వంతు. అణు విద్యుత్తును సమర్థించేవాళ్లు ఈ లెక్క ముందు పెడతారు. అవతలివాళ్లు ధర ముందు పెడతారు: టెండర్లలో సోలార్ యూనిట్ రెండున్నర రూపాయల చుట్టుపక్కలకు దిగింది, పార్కు కట్టడానికీ ఎక్కువ కాలం పట్టదు. రెండూ నిజమే. కాకపోతే గ్రిడ్ ఏడాది లెక్కలతో నడవదు. ఏ క్షణాన వాడకం ఎంతుంటే ఆ క్షణాన ఉత్పత్తీ అంతే ఉండాలి. అందుకే ఏది మంచిదని కాకుండా, ఏది ఏ వేళకు పనికొస్తుందని అడగాలి.

వేళ సంగతి మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల కరెంటు ఇవ్వడం సోలార్‌కు బాగా కలిసొచ్చింది. ఎండ కాసినప్పుడే మోటార్లు తిరుగుతాయి. చిక్కంతా పొద్దు గుంకాకే. ఇళ్లలో లైట్లు, ఏసీలు వేసే సమయానికి సోలార్ ఉత్పత్తి సున్నా. మధ్యాహ్నం విద్యుత్ ఎక్స్చేంజీలో చవగ్గా దొరికిన యూనిట్, గిరాకీ బాగా ఉన్న రోజుల్లో రాత్రికి పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకుతుంది.

ఈ ఖాళీని అణు విద్యుత్తు పూడుస్తుందని చాలామంది అంటారు. నాకు అభ్యంతరం అక్కడే. సాయంత్రానికి పెరిగి మధ్యాహ్నానికి తగ్గే గుణం రియాక్టరుకు లేదు. మొదటి కారణం డబ్బు. రియాక్టరు ఖర్చులో ఎక్కువ భాగం కట్టడానికి, తెచ్చిన అప్పు మీద వడ్డీకి పోతుంది, ఇంధనానికి అయ్యేది తక్కువ. ఫంక్షన్ హాలుకు వంద మంది వచ్చినా వెయ్యి మంది వచ్చినా అద్దె ఒకటే అయినట్టు, సగం సామర్థ్యంతో నడిపితే యూనిట్ ధర రెట్టింపుకు దగ్గరవుతుంది.

రెండో కారణం భౌతిక శాస్త్రానిది, నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేదీ అదే. 1944 సెప్టెంబరులో అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో ‘బి’ రియాక్టరును మొదలుపెట్టారు. కొన్ని గంటలు బాగానే నడిచింది. తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే శక్తి తగ్గుతూ పోయి చర్య ఆగిపోయింది. ఇంకొన్ని గంటలకు దానంతటదే మళ్లీ మొదలైంది. ఎన్రికో ఫెర్మి, జాన్ వీలర్ ఉన్న బృందం కారణం కనిపెట్టింది: జెనాన్-135. యురేనియం చీలినప్పుడు అయోడిన్-135 పుడుతుంది. దాని అర్ధాయువు ఆరున్నర గంటలు దాటి ఉంటుంది. అది క్షయించి జెనాన్ అవుతుంది. గొలుసు చర్యను నడిపించే న్యూట్రాన్లను జెనాన్ విపరీతంగా మింగేస్తుంది. అదృష్టవశాత్తూ రియాక్టరును కట్టిన డ్యూపాంట్ కంపెనీ ఇంజినీర్లు ముందుజాగ్రత్తగా 1500 ఇంధన గొట్టాలకు బదులు 2004 పెట్టారు. అదనపు గొట్టాల్లోనూ యురేనియం నింపి గండం గట్టెక్కారు.

రియాక్టరు నిలకడగా నడుస్తున్నంతసేపూ పుట్టిన జెనాన్ పుట్టినట్టే న్యూట్రాన్లకు ఖర్చయిపోతుంది. శక్తి తగ్గించామంటే ఆ ఖర్చు తగ్గుతుంది. అప్పటికే పోగైన అయోడిన్ మాత్రం జెనాన్‌ను పుట్టిస్తూనే ఉంటుంది. మన దేశంలోని రియాక్టర్లలో ఎక్కువ భాగం సహజ యురేనియంతో నడిచే భారజల రకానివి. ఈ జెనాన్‌ను తట్టుకునే మిగులు శక్తి వాటిలో తక్కువ. పూర్తిగా ఆపి గంటలోపు తిరిగి మొదలుపెట్టలేకపోతే సుమారు ఒకటిన్నర రోజు వేచి చూడాలి. ఫ్రాన్సు వాళ్లు సుసంపన్నం చేసిన (ఎన్‌రిచ్డ్) ఇంధనంతో, ప్రత్యేక నియంత్రణ కడ్డీలతో రియాక్టర్లను కొంతవరకు పెంచుతూ తగ్గిస్తూ నడుపుతున్నారు కాబట్టి అసాధ్యమని అనలేం. మన వాటికి మాత్రం అది అలవాటైన పని కాదు. ఆగకుండా నడవడంలోనే వాటి గొప్పతనం. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నుంచి వచ్చే ఇంధనంతో నడిచే కైగా మొదటి యూనిట్ 2018 చివరి వరకు వరుసగా 962 రోజులు ఆగకుండా పనిచేసింది.

కనుక సాయంత్రం ఖాళీ పూడ్చేది వేరే ఏదైనా కావాలి. ఉంది కూడా. నాగార్జునసాగర్‌లో నూరు మెగావాట్ల పైచిలుకు రివర్సిబుల్ టర్బైన్లు ఏడు, శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్లవి ఆరు ఉన్నాయి. మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలితే పెట్టిన కరెంటులో ముప్పావు వంతు తిరిగొస్తుంది. అక్కడ ఇంజినీరింగు సమస్యల కంటే కృష్ణా నీటి తగాదా పెద్దది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల ప్రాజెక్టును నదికి దూరంగా, ఒకసారి నింపిన నీళ్లనే తిప్పి వాడేలా కట్టడానికి ఇదీ ఒక కారణమేమో.

అయితే ఈ నిల్వ గంటల లెక్కే, వారాలకు సరిపోదు. నైరుతి రుతుపవనాల వేళ మబ్బులు సోలార్‌ను తగ్గిస్తే రాయలసీమ గాలిమరలు జోరందుకుంటాయి. ఆ గాలి తగ్గాక, ముసురు పట్టిన వారంలో రాత్రీపగలూ నడవాల్సిన ఉక్కు కర్మాగారానికి, రైళ్లకు కరెంటు ఎక్కడిది? ప్రస్తుతానికి బొగ్గుది. దేశంలో తయారయ్యే కరెంటులో బొగ్గు వాటా 70 శాతం పైనే, అణు విద్యుత్తుది 3 శాతం. అణు విద్యుత్తు ఖాళీ చేయించాల్సిన కుర్చీ బొగ్గుదే. ఆ లెక్కన బొగ్గు ప్లాంట్లు ఇంకా మండుతుండగానే 2023 ఏప్రిల్ 15న చివరి మూడు రియాక్టర్లు మూసేసిన జర్మనీ, ముందు మూయాల్సిందాన్ని వెనక్కి నెట్టిందనే నేననుకుంటాను.

మరి కొవ్వాడ? శ్రీకాకుళం జిల్లాలోని ఈ తీరాన 1208 మెగావాట్ల అమెరికన్ రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రణాళిక. ఆ రకానివే రెండు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, వోగ్టిల్‌లో కట్టారు. 1400 కోట్ల డాలర్లన్న అంచనా 3000 కోట్లు దాటింది. 2013లో కాంక్రీటు పోస్తే రెండోది 2024లో గ్రిడ్‌కు అక్కరకొచ్చింది. మన సొంత 700 మెగావాట్ల డిజైనూ పరుగెత్తలేదు: కాక్రపార్ మూడో యూనిట్ 2010లో మొదలై 2023లో పూర్తయింది. కానీ ఖర్చు మన చేతుల్లో ఉంటుంది, ఒకటి కట్టిన అనుభవం తర్వాతి దానికి పనికొస్తుంది. ఊళ్లు ఖాళీ చేయించి తెచ్చే ప్లాంటు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణలో రేడియేషన్ గురించి అడగడం సహజం. దాంతోపాటు మార్చి నెల మిట్టమధ్యాహ్నం, సోలార్ పొంగిపొర్లుతున్నప్పుడు, ఆ ఏడువేల మెగావాట్లను ఎవరు కొంటారు, ఏ బొగ్గు ప్లాంటును ఆపి కొంటారు అని కూడా అడగాలి.