నాలుగింట మూడు

విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్టునకు తల్లి వెంట పోయిన పిల్లవాడు అరకిలో వంకాయలు, పావుకిలో బెండకాయలు తూచుట చూచును. సంచిలో మొత్తమెంత అని అడిగినచో తడుముకొనక "ముప్పావు కిలో" అనును. మరునాడు బడిలో ఒకటి బై రెండును, ఒకటి బై నాలుగును కలుపుమన్నచో వాడే పై అంకెలను వేరుగను, క్రింది అంకెలను వేరుగను కూడి రెండు బై ఆరు అని వ్రాయును. రెండు బై ఆరనగా మూడింట ఒకటి. వంకాయలే అరకిలో ఉండగా మొత్తము అంతకు తగ్గుట యెట్లు? బజారులో తెలిసిన సంగతి పలకమీద తెలియకపోయినది.

ఇది బుద్ధిమాంద్యము కాదు. మాట మారుటచే వచ్చిన చిక్కు. ముప్పావనగా మూడు పావులు. అరను రెండు పావులు చేసి మరియొక పావు చేర్చిన లెక్క ఆ పేరులోనే యున్నది. 'నాలుగింట మూడు' అన్నప్పుడు ముందు ఎన్ని పాళ్లు చేయవలెనో, పిదప ఎన్ని తీసికొనవలెనో వరుసగా తెలియును. 'త్రీ బై ఫోర్' అను మాటలో ఆ జాడ లేదు. అందుచేతనే నాలుగు మూడు కంటె పెద్దది గనుక నాలుగింట ఒకటియు మూడింట ఒకటి కంటె పెద్దదని పిల్లలు పొరబడుదురు. మామిడితాండ్రను ముగ్గురు పంచుకొన్నప్పటి ముక్క పెద్దదా, నలుగురు పంచుకొన్నప్పటిదా అని అడిగినచో ఒక్కరును తప్పరు! ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నను మొదట అడిగి, అంకెలను తరువాత వ్రాయించిన నష్టమేమి?

పాత తెలుగు లెక్కలలో పావులకు నిలువు గీతలు, పదునారింట ఒకటియగు వీసమునకు అడ్డగీత, దాని క్రిందిదియగు కానికి మరల నిలువుగీత. నాలుగు గీతలైనచో పై స్థానమున ఒకటి. కూడిక యంతయు ఇంతే. ఈ గుర్తులకు 2008లో యూనికోడునందు చోటు దొరకినది.

అయితే ఈ గీతలకు మూడింట ఒకటి లొంగదు. రేవునకు వచ్చిన ఓడలోని బొగ్గులో మొదటి దినమున మూడింట ఒకటి, రెండవ దినమున నాలుగింట ఒకటి దించిరనుకొందము. సరకును పన్నెండు పాళ్లుగా చూడవలెను. నాలుగును మూడును ఏడు దిగినవి, అయిదు మిగిలినవి. ఇట్టి సామాన్యహారమును తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున 'నిరుద్ధ'మనెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లన కాలమును గూర్చి పండితులు వాదులాడుకొందురు గాని, లెక్కలను తెలుగులో చెప్పవచ్చుననుటకు ఆయనయే సాక్షి.

పాత రూపాయిలో ఆ పన్నెండు దాగియుండెను. రూపాయికి పదునారు అణాలు, అణాకు పన్నెండు పైలు, వెరసి 192. అందు మూడింట ఒకటి 64 పైలు, నాలుగింట ఒకటి 48; రెండును కలిపిన తొమ్మిదణాల నాలుగు పైలు. ఏది పెద్దదో, ఎంత పెద్దదో చిల్లరయే చెప్పెడిది. 1957 ఏప్రిలు 1న రూపాయికి నూరు నయాపైసలైనవి. లెక్క సులువైనది, నిజమే. కాని ఆ నూరును ముగ్గురు పిల్లలకు ముప్పదిమూడేసి పంచినచో ఒక పైస చేతిలోనే నిలిచిపోవును.