పండక్కి ఊరొచ్చిన ఆఫీసు లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ ఎందుకు తెరుచుకోదు?

హైదరాబాద్‌లో డిజైన్ పని చేసే మన పిల్లాడు రంజాన్ పండక్కి సాగర్, మాచర్ల మీదుగా రెంటచింతల వచ్చాడనుకుందాం. రెండు రోజుల పని ఉందని ఆఫీసు లాప్‌టాప్ వెంట తెచ్చుకున్నాడు. తీరా తెరిస్తే "లైసెన్స్ దొరకలేదు" అని వస్తుంది. లాప్‌టాప్ చెడిపోలేదు, పిల్లాడు తప్పు చేయలేదు. సంగతి వేరే ఉంది.

మసీదు కమిటీ దగ్గర ఐదు దేగ్‌లు ఉన్నాయనుకోండి. జమాత్‌లో వంద ఇళ్లున్నా, ఒకేసారి ఐదు ఇళ్లకే ఇవ్వగలరు. ఒకరు తిరిగిచ్చాకే ఇంకొకరికి. ఫ్లోటింగ్ లైసెన్స్ అంటే ఇదే. కంపెనీ ఇరవై మందికీ విడివిడిగా కొనకుండా ఐదు లైసెన్సులు కొని, ఆఫీసు సర్వర్‌లో పెడుతుంది. సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు సర్వర్‌ని అడిగి ఒకటి తీసుకుంటుంది, మూసేస్తే అది వెనక్కి వెళ్తుంది. మధ్యలో కూడా సర్వర్‌ని పలకరిస్తూనే ఉంటుంది. ఆఫీసు నెట్‌వర్క్ దాటితే ఆ పలకరింపు ఆగిపోతుంది, సాఫ్ట్‌వేర్ కూడా ఆగుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి వీపీఎన్. ఇంటి నుంచే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లడం. దీనికి సెల్ హాట్‌స్పాట్ చాలు, కానీ సిగ్నల్ పోతే సేవ్ చేయని పని పోవచ్చు.

రెండోది బారో, అంటే లైసెన్స్ అరువు. ఫ్లెక్స్‌ఎల్‌ఎం లాంటి లైసెన్స్ సర్వర్లలో ఈ సౌకర్యం ఉంది. అయితే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ, మీ ఆఫీసు ఐటీ వాళ్లు ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆఫీసులో ఉండగానే తేదీ చెప్పి తీసుకోవాలి, బస్సెక్కాక కుదరదు. బయల్దేరే ముందు వైఫై ఆపేసి, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూసుకోండి.

గుర్తుంచుకోవాల్సింది: మీరు అరువు తెచ్చుకున్నన్ని రోజులు ఆఫీసులో ఒకటి తక్కువే. నాలుగు రోజుల పనికి నెల రోజులు తీసుకుంటే అక్కడ తోటివాళ్ల పని ఆగుతుంది. ఇది అమానత్. గడువు రోజున దానంతటదే వెనక్కి పోతుంది. ముందే ఇవ్వాలంటే మళ్లీ ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లాలి. దారిలో లాప్‌టాప్ పోతే, సాధారణంగా గడువు తీరేదాకా ఆ లైసెన్స్ ఎవరికీ దక్కదు. గడువు సాగదీద్దామని లాప్‌టాప్ తేదీ వెనక్కి మారిస్తే చాలా సాఫ్ట్‌వేర్లు పసిగట్టి అసలుకే ఆగిపోతాయి.

లెక్కలు రాసే వాళ్లకూ ఇలాంటి తిప్పలే. టాలీప్రైమ్ గోల్డ్ లైసెన్స్ ఆఫీసు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నిటికీ పనిచేస్తుంది. లాప్‌టాప్ ఇంటికి తెస్తే ఎడ్యుకేషన్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అందులో నెలలో 1, 2 లాంటి కొన్ని తేదీలకే ఎంట్రీలు పడతాయి. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారికి జీఎస్టీఆర్-1 గడువు 11, 3బీ గడువు 20. పండగ ఈ తేదీల దగ్గర పడి 3బీ ఆలస్యమైతే రోజుకు రూ.50, లావాదేవీలు లేకపోతే రూ.20 లేట్ ఫీజు. ఆఫీసు సిస్టమ్ ఆన్‌లో ఉంచి, టాలీ డాట్ నెట్ ఐడీతో రిమోట్‌గా తెరిచే ఏర్పాటు ముందే చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

ఇలాంటప్పుడే "క్రాక్ వేసుకో భాయ్" అనేవాళ్లు ఎదురవుతారు. వద్దు. కాపీరైట్ చట్టం 1957లోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా పడొచ్చు. క్రాక్‌తో పాటు వైరస్ వస్తే ఆఫీసు ఫైళ్లు పోతాయి, ఉద్యోగమూ పోతుంది.

కాబట్టి అమ్మీలు, అబ్బాలు పండక్కి వచ్చే పిల్లలకు ఫోన్ చేసినప్పుడు టికెట్ అయిందా అని అడగడంతో పాటు ఇంకో మాట కూడా అడగండి: "లైసెన్స్ తీసుకున్నావా బేటా?"