లక్ష పెట్టి కంప్యూటర్ కొంటే... మే నెల దాటుతుందా?

పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసుకోవాలి. ఖాళీ దొరికితే ఎంచక్కా ఆటాడుకోవాలి. అందుకు తగ్గట్టు ఒక్కో భాగం ఏరుకుని సొంతంగా కంప్యూటర్ కట్టించుకోవాలన్నది భద్రాచలం కుర్రాడి కోరిక. సలహాలకేం, ఇంటర్నెట్‌లో బోలెడు. కానీ అవన్నీ ఏసీ గదుల్లో కూర్చుని చెప్పినవి. 45 డిగ్రీల ఎండ, వస్తూపోయే కరెంటు, గోదారి వరద... వీటి సంగతి అందులో ఉండదు మరి!

"8 జీబీ గ్రాఫిక్స్ కార్డు తీసుకోమంటావా, 16 జీబీదా... చెప్పు మామా!"

భద్రాచలం నుంచి మా మేనల్లుడి ఫోను. డిగ్రీ అయిపోయింది. రెండేళ్లుగా ఓ ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోల మిక్సింగ్ పని చేస్తున్నాడు. ఇక ఇంట్లోనే సొంతంగా మొదలుపెడతానంటున్నాడు. మా బావ చీటీ పాడి లక్ష రూపాయలు చేతికిచ్చాడు. ఇచ్చాడేగానీ లోపల అనుమానం... వీడు అడుగుతున్నది పని కోసమా, ఆటల కోసమా అని!

"అది సరేరా, మీ ఇంట్లో ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందా?" అన్నాను.

అవతల్నుంచి కాసేపు మాట లేదు. 'నేనడిగిందేంటి, ఈయన అడుగుతున్నదేంటి' అనుకుని ఉంటాడు.

అలా అడగడానికి కారణముంది. 2007లో నేను ఖమ్మంలో ఇంటర్ చదువుతున్నప్పుడు మా ఇంటికి మొదటి అసెంబుల్డ్ కంప్యూటర్ వచ్చింది. ప్రాసెసర్ మంచిదే. మానిటర్ మంచిదే. క్యాబినెట్‌తోపాటు 'ఫ్రీ'గా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. మరుసటి ఏడు మే నెల, ఓ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. టప్‌మని చప్పుడు. ఆ వెంటే కాలిన వాసన. మదర్‌బోర్డు, హార్డ్‌డిస్క్ రెండూ పోయాయి. పోయినవి నా పాటలూ ఆటలే అయితే ఇంతకాలం గుర్తుండేది కాదు. మా మేనల్లుడి అక్షరాభ్యాసం ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. అక్క ఒళ్లో కూర్చుని పలక పట్టుకున్న ఆ బుడతడే ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు గురించి అడుగుతున్నాడు!

ఎండ లెక్క వేరు

కొత్తగూడెం, భద్రాచలం, ఖమ్మం... వేసవి వచ్చిందంటే ఎండలు మండే ఊళ్ల జాబితాలో ఈ పేర్లు ఉండాల్సిందే. 45 డిగ్రీలంటే ఇక్కడివాళ్లకు పెద్ద వార్తేం కాదు. కంప్యూటర్‌కి మాత్రం పెద్ద వార్తే.

ఎలాగంటే, ఫ్యాన్ అనేది చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని గదిలోకి నెడుతుంది, అంతే. ఎంత ఖరీదైన ఫ్యాన్ పెట్టినా గదికన్నా చల్లగా చిప్పు ఉండదు. పని చేస్తున్నప్పుడు ఓ కార్డు గది వేడికన్నా 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. ఏసీ గదిలో 25 ఉంటే కార్డు 70 దగ్గర ఆగుతుంది. మధ్యాహ్నం రేకుల గదిలో 42 ఉంటే? 87. ఇంకొంచెం పైకి పోతే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. చాలా ప్రాసెసర్లకు ఆ హద్దు 95-100 డిగ్రీల మధ్య ఉంటుంది. అంటే వేగం కోసం డబ్బు పోసి కొన్న యంత్రం, సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లోనే నెమ్మదిస్తుందన్నమాట!

అందుకే మావాడు మోజుపడ్డ క్యాబినెట్‌ని నేను ఒప్పుకోలేదు. ముందువైపు నిలువెత్తు అద్దం, లోపల రంగురంగుల లైట్లు. చూడ్డానికి పెళ్లి పందిరిలా ఉంది. గాలి దూరే సందు మాత్రం లేదు. దాని బదులు ముందువైపు జల్లెడలా రంధ్రాలుండే మెష్ క్యాబినెట్ తీసుకోవాలి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. లాగే ఫ్యాన్ల ముందు ఊడదీసి కడుక్కునే దుమ్ము జాలీ ఉండాలి. కొత్తగూడెం, మణుగూరుల్లో బొగ్గు దుమ్ము, పల్లెల్లో ఎర్రమట్టి. ఖమ్మంలో మిర్చి సీజనప్పుడైతే చెప్పనే అక్కర్లేదు... తుమ్మేది మనుషులే, యంత్రాలకు ఆ అదృష్టం లేదు. రెండు వారాలకోసారి జాలీ కడగాల్సిందే. వెనక ఖాళీ స్లాట్లకు ఉండే రేకుముక్కలు పారేయకండి. ఆ సందుల్లోంచే బల్లులూ చీమలూ వెచ్చగా ఉందని లోపలికి చేరతాయి.

మిగిలింది చూసి కొనేది కాదు

పాల్వంచలో కేటీపీఎస్. మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం. రాష్ట్రానికి కరెంటు పంపే జిల్లా ఇది. అయితేనేం, గాలివాన వస్తే దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి పక్క ఊళ్లలో తీగల మీద కొమ్మ పడకుండా ఉంటుందా? కరెంటు పోవడం కన్నా అది తిరిగొచ్చే క్షణమే ప్రమాదం. ఆ దెబ్బని ముందు కాచుకోవాల్సింది ఎస్‌ఎంపీఎస్. ఇంట్లోకొచ్చే 230 వోల్టుల కరెంటుని చిప్పులకు కావాల్సిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చేది అదే. చాలామంది అన్నీ కొన్నాక, మిగిలిన డబ్బుతో దాన్ని కొంటారు. మేమూ 2007లో అలాగే చేశాం.

వెయ్యి రూపాయలకు '500 వాట్స్' అని స్టిక్కర్ అంటించినవి దొరుకుతాయి. స్టిక్కర్‌ని నమ్మడం కన్నా బరువు చూసినా కొంత తెలుస్తుంది. కనీసం '80 ప్లస్ బ్రాంజ్' గుర్తు, ఐదేళ్ల వారంటీ ఉన్నది అడగండి. ఆ గుర్తు చెప్పేది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందన్నదే. వృథా తగ్గితే వేడీ తగ్గుతుంది. మావాడు ఎంచుకున్న భాగాలన్నీ కలిపి నిండుగా పనిచేసినా 300 వాట్లకు అటూఇటూ. దానికి 650 వాట్లది తీసుకోమన్నాను. దాదాపు సగం బరువే మోస్తుంది కాబట్టి ఎండలోనూ అలిసిపోదు.

యూపీఎస్ దగ్గర ఇంకో తిరకాసు. 600 వీఏ అని రాసి ఉన్నది 600 వాట్లు కాదు, సుమారు 360 వాట్లే ఇస్తుంది. మానిటర్ కూడా కలిస్తే సరిపోదు. 1100 వీఏది తీసుకోవాలి. అది కూడా గంటల తరబడి పనిచేయడానికి కాదు, ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికి. ఉరుములు మొదలైతే మాత్రం యూపీఎస్‌నీ నమ్మొద్దు. ప్లగ్గు పీకేయడమే!

ఇక ఎర్తింగ్. కంప్యూటర్ డబ్బాని ముట్టుకుంటే వేళ్లు చిమచిమలాడటం మనలో చాలామందికి అనుభవమే. 'మామూలేలే' అని వదిలేస్తాం. మామూలు కాదు. మూడో పిన్నుకి భూమితో సంబంధం తెగిందని అర్థం. మా బావ ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తే అసలు విషయం బయటపడింది. గోడలో మూడో తీగే లేదు! పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, కొత్త తీగ లాగించారు. వేసవిలో ఆ గోతిలో రోజూ ఓ బిందెడు నీళ్లు పోసే పని మా అక్కది.

కెమెరాని బట్టి చిప్పు

ఇప్పుడు అసలు ప్రశ్న. 8 జీబీయా, 16 జీబీయా?

"ముందు మీ స్టూడియో కెమెరా ఏ ఫైలు ఇస్తుందో చూడు" అన్నాను. ఈ మధ్య పెళ్లిళ్లకు వాడే చాలా కెమెరాలు 4కేలో, 10 బిట్ 4:2:2 అనే పద్ధతిలో వీడియో తీస్తాయి. రంగులు బాగా దిద్దుకోవచ్చు. కానీ హెచ్.265లో తీసిన ఈ రకం ఫైలుని తేలిగ్గా విప్పే సర్క్యూటు చిప్పులో లేకపోతే ఖరీదైన కంప్యూటర్ కూడా నత్తనడకే. ఇంటెల్‌లో 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కి ఆ విద్య వచ్చు. ఎన్విడియాలో 2025లో వచ్చిన 50 సిరీస్ కార్డులతో వచ్చింది. కాబట్టి పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ వద్దు. కాస్త చవకే, కానీ ఆ గ్రాఫిక్స్ అందులో ఉండదు. అది ఉంటే ఇంకో లాభం... ఎప్పుడైనా కార్డు పాడై రిపేరుకి వెళ్తే ఆ నాలుగు వారాలూ పని ఆగదు. పాత స్టాకులో 13, 14 తరాలవి దొరికితే షాపులోనే బయాస్ అప్‌డేట్ చేయించుకోండి. వోల్టేజీ లోపంతో వాటిలో కొన్ని రకాలు దెబ్బతింటున్నాయని తేలాక ఇంటెల్ 2024లో దిద్దుబాటు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది.

మరి ఏఎండీ? భేషుగ్గా ఉంటాయి. ఏఎం5 సాకెట్‌ని కనీసం 2027 దాకా కొనసాగిస్తామని ఆ కంపెనీ మాటిచ్చింది. అదే బోర్డు మీద తర్వాత కొత్త ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. ఆటలే ముఖ్యమైతే నేనూ అటే మొగ్గేవాణ్ని. మావాడిది మిక్సింగ్ కాబట్టి 'ఎఫ్' లేని ఐ5, దానికి తోడు 8 జీబీ కార్డు అనుకున్నాం. 16 జీబీ కార్డు త్రీడీ పనికి, పెద్ద ఆటలకు బాగుంటుంది. కాదనను. ఆ తేడా డబ్బుతోనే యూపీఎస్, మంచి ఎస్‌ఎంపీఎస్, ఎర్తింగ్ మూడూ వచ్చాయి.

ర్యామ్ దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోవడంతో 2025 చివర్నుంచి ధరలు అమాంతం పెరిగాయి. మైక్రాన్ కంపెనీ అయితే మామూలు జనానికి అమ్మే 'క్రూషియల్' వ్యాపారం నుంచే తప్పుకుంటానని 2025 డిసెంబరులో ప్రకటించింది. 32 జీబీ అనుకున్నవాళ్లం 16తో సరిపెట్టుకున్నాం. అయితే నాలుగు స్లాట్ల బోర్డు తీసుకున్నాం. రెండు ఖాళీగా ఉంచాం.

సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు. డావిన్చి రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది. దానికి కొన్ని హద్దులున్నాయి కాబట్టి మీ కెమెరా ఫైలు తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోండి. త్రీడీకి బ్లెండర్ ఉంది. 2002 నుంచీ అది అందరి సొత్తు. 2025లో ఆస్కార్ గెల్చుకున్న లాత్వియా యానిమేషన్ సినిమా 'ఫ్లో' చేసింది ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే.

బావ అనుమానం

"ఆటలంటే డబ్బులు పోగొట్టుకునేవేనా?" అని మా బావ నన్ను పక్కకి పిలిచి అడిగాడు. తప్పులేదు, అలా మునిగినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసిందనీ, ఈ-స్పోర్ట్స్‌ని అదే చట్టం గుర్తించిందనీ చెప్పాను. మావాడు ఆడే కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ ఉచితంగా దొరికేవి. వాటికి 8 జీబీ కార్డు ఎక్కువే. బావకు పూర్తి నమ్మకం కుదరలేదు. కంప్యూటర్ హాల్లోనే పెట్టాలన్నాడు. గాలి బాగా ఆడేదీ హాల్లోనే కాబట్టి నేనూ సరేనన్నాను!

ఎక్కడ కొనాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్... సీటీసీ అంటే కంప్యూటర్ పిచ్చోళ్లందరికీ తెలిసిన చోటు. నాలుగు షాపులు తిరిగితే ధర తగ్గుతుంది. నిజమే. కానీ భద్రాచలం నుంచి మూడొందల కిలోమీటర్లు. ఏదైనా పాడైతే మళ్లీ ఆ భాగాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాలి. అందుకని తేడా రెండు మూడు వేలే అయితే ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో తెలిసిన షాపే మేలని నా లెక్క. ఎక్కడ కొన్నా బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించండి. '18 శాతం జీఎస్టీ మిగులుతుంది, బిల్లు వద్దు' అంటే ఆ షాపు మెట్లు దిగేయండి. సెకండ్ హ్యాండ్‌లో మరీ పాతవి తీసుకోవద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరులో ఆగింది. ఇంటెల్ 8వ తరానికి ముందువాటిని విండోస్ 11 ఒప్పుకోదు.

మావాడు సికింద్రాబాదే వెళ్దామన్నాడు. మొదటి కంప్యూటర్ కదా, ఆ సరదా వేరు.

వరదొస్తే మూట కట్టేది

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. ఆ రోజుల్లో మా అక్కావాళ్లు బియ్యం, బట్టలు, సర్టిఫికెట్లు మూట కట్టుకుని కదిలారు. ఇప్పుడు ఆ మూటలో ఇంకొకటి చేరాలి. పెళ్లిని రెండోసారి తీయలేం కదా! అందుకే లక్షలోంచి ముందుగా తీసి పక్కన పెట్టించింది రెండు ఎక్స్‌టర్నల్ డిస్కుల డబ్బు. ఒకటి ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర. డబ్బు కట్టిన పార్టీ వీడియో అందుకుని, 'చూసుకున్నాం' అనేదాకా రెండూ చెరపకూడదని మాట తీసుకున్నాను. క్యాబినెట్ నేల మీద కాకుండా బల్ల మీద ఉండాలనీ చెప్పాను.

అంతా విని మావాడు అడిగాడు. "మామా, ఆ పాత హార్డ్‌డిస్క్ పారేశావా?"

పారేయలేదు. ఖమ్మం ఇంట్లో అటక మీద బిస్కెట్ డబ్బాలో ఉంది. డిస్కు కింద ఉండే సర్క్యూటు బోర్డు ఒక్కటే కాలితే, లోపలి పళ్లెం బాగుంటే, డేటా వెనక్కి తీసేవాళ్లున్నారట. సికింద్రాబాద్ ఎలాగూ వెళ్తున్నాం కదా అన్నాడు.

"ఆశ పెట్టుకోకురా" అన్నాను. ఆ సాయంత్రమే నిచ్చెన వేసి డబ్బా దించాను.