పెంపుడు కుక్క హఠాత్తుగా నీరసిస్తే

నిన్నటిదాకా గేటు వద్దకు పరుగెత్తుకొచ్చిన కుక్క ఉన్నట్టుండి తిండి మాని మూలకు చేరుతుంది. కారణం తోచదు. మన వేడి వాతావరణంలో తప్పక అనుమానించవలసినది పిడుదుల వల్ల వచ్చే జ్వరం. ‘ఎర్లీషియా’ అనే బాక్టీరియా పిడుదు కాటుతో రక్తంలో చేరుతుంది. లక్షణాలు బయటపడేందుకు 1 నుంచి 3 వారాలు పడుతుంది. అప్పటికి పిడుదు రాలిపోయి ఉండవచ్చు కూడా. అందుకే అది అకారణ వ్యాధిగా తోస్తుంది.

ఒళ్లు వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరమని చెప్పలేం. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ సహజమే. చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా తెల్లవారేదాకా ఆగరాదు. మనుషుల పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు ప్రాణాంతకం కావచ్చు. రక్తపరీక్షలో వ్యాధి తేలితే పశువైద్యులు సాధారణంగా 4 వారాల పాటు డాక్సీసైక్లిన్ వాడమంటారు. రెండు మూడు రోజుల్లోనే కుక్క తోక ఊపుతూ లేచినా మందు మధ్యలో ఆపకూడదు.