ఇటలీ విందులో పాలమూరు గట్క

కోస్గి: ఇంట్లో ఒకరికి కొలువు దొరికితే యాటను కోసి, బగారా అన్నం వండి, నలుగురినీ పిలిచి దావతు చేయడం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. దానికి ఇప్పుడు మరొకటి తోడయింది. హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు మొదటి జీతం చేతికి రాగానే తల్లిదండ్రులను పెద్ద హోటల్లో మధ్యాహ్న భోజనానికి తీసుకుపోతున్నారు. అలాంటి హోటళ్లలో ఇటలీ వంటలు వడ్డించేవీ ఉంటున్నాయి.

తెల్లగుడ్డ పరచిన బల్ల, గాజు గ్లాసులు, పక్కన ఫోర్కులు, నోరు తిరగని పేర్లతో మెనూ. జొన్నరొట్టె, పప్పు తిని పెరిగిన తల్లికి, బొంబాయి, పూనా వలసపోయి కట్టడాల పని చేసి వచ్చిన తండ్రికి అక్కడ కూర్చోవడమే బెరుకు. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. "నాకేం వద్దు బిడ్డా, నువ్వు తిను" అనే మాట ఇలాంటి బల్లల దగ్గర కొత్త కాదు.

నిజానికి ఆ బెరుకు అక్కర లేదు. ఆ మెనూలో దొరల వంటల కంటే పేద రైతులు కడుపు నింపుకోవడానికి వండుకున్నవే ఎక్కువ.

పొలెంటా అంటే గట్కే

ఉదాహరణకు పొలెంటా. ఎసట్లో మక్క రవ్వ పోసి, గరిటెతో అడుగంటకుండా కలుపుతూ గట్టిపడే దాకా ఉడికిస్తారు. పాలమూరు పల్లెల్లో దీన్నే మక్క గట్క అంటారు. మక్కజొన్న అమెరికా ఖండం నుంచి యూరపుకు చేరింది 1492 తర్వాతనే. అంతకు ముందు ఇటలీ రైతులు ఈ పొలెంటాను చిరుధాన్యాలతో వండుకునేవారు.

రిబొల్లిటా అనేది మిగిలిపోయిన రొట్టెను ఆకుకూరలు, చిక్కుళ్లతో కలిపి ఉడికించే చారు. చద్దిని పారేయని ఇల్లాలి వంట అది. రిసొట్టో అంటే పొట్టి బియ్యాన్ని మెత్తగా ఉడికించిన అన్నం. ఆ వరి పండే పో నది మైదానానికి ఒకప్పుడు ఏటా దూరప్రాంతాల నుంచి ఆడకూలీలు గుంపులుగా వలస వచ్చేవారు. మోకాలి లోతు నీళ్లలో నడుం వంచి నాట్లు వేసేవారు, కలుపు తీసేవారు. వలస కష్టం పాలమూరు ఒక్కదానికే తెలిసింది కాదు.

తిండి నుంచి వచ్చిన జబ్బు

పొలెంటాకు, జొన్న గట్కకు మరో చుట్టరికం ఉంది. అది విందు నాడు గుర్తు చేసుకునేది కాదు గాని, మరచిపోదగిందీ కాదు.

ఉత్తర ఇటలీలో మూడు పూటలా పొలెంటా తప్ప మరేమీ దొరకని కూలీలకు 18వ శతాబ్దంలో ఒక వింత జబ్బు పట్టుకుంది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి, పగిలి, పొరలుగా లేచేది. విరేచనాలు పట్టుకునేవి, చివరికి మతి చలించేది. 1771లో ఫ్రాపొల్లి అనే ఇటలీ వైద్యుడు దీనికి పెల్లాగ్రా అని పేరు పెట్టాడు. గరుకు చర్మం అని ఆ మాటకు అర్థం. 1881 నాటికి ఇటలీలో ఈ రోగులు లక్షకు పైగా ఉన్నారు.

నయాసిన్ అనే విటమిను చాలకపోవడం ఈ జబ్బుకు కారణమని 20వ శతాబ్దంలో తేలింది. మక్కలలో ఆ విటమిను ఉన్నా ఒంటికి అందదు. మెక్సికో ప్రజలు మక్కలను సున్నపు నీటిలో ఉడికించి తినడం వల్ల వారికి ఆ బాధ లేదు. యూరపు వారు గింజను తెచ్చుకున్నారు గాని, వండే పద్ధతిని తెచ్చుకోలేదు.

అదే జబ్బు దక్కన్‌లో జొన్న తినే పేదలలోనూ కనిపించింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య దీనిపై పరిశోధన చేశారు. జొన్నలో మోతాదు మించి ఉన్న లూసిన్ అనే పదార్థం ఇందుకు కారణం కావచ్చని 1960లో ప్రకటించారు. ఆ పరిశోధనశాలకే 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మారింది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక జొన్న తినే ఇళ్లలోకి అన్నం చేరింది. తిండిలో మార్పు రాగా పెల్లాగ్రా క్రమంగా వెనకబట్టింది.

తప్పు జొన్నది కాదు

అంతమాత్రాన తప్పు మక్కలదీ కాదు, జొన్నలదీ కాదు. పక్కన మరేదీ లేకపోవడమే తప్పు. పల్లీలలో నయాసిన్ దండిగా ఉంటుంది. పాలమూరు జిల్లాలో పల్లీ బాగానే పండేది, కాని అది అమ్ముకునే పంట. ఈనాడు పెద్ద హోటల్లో పొలెంటా పక్కన జున్ను, పుట్టగొడుగులు, మాంసం వడ్డిస్తున్నారు. గట్క అదే, పళ్లెం మారింది. జొన్నరొట్టె పక్కన పప్పు, ఆకుకూర, పల్లీ పచ్చడి, పాలు ఉంటే అదీ విందు భోజనమే. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. దరిమిలా నగరంలోని హోటళ్లు కూడా జొన్నను గౌరవంగా వడ్డిస్తున్నాయి.

అడగడం నామోషీ కాదు

పెద్దవారిని వెంట తీసుకుపోయే పిల్లలు కొన్ని సంగతులు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. ప్రొషుట్టో, పాంచెట్టా అనేవి పంది మాంసం. పార్మెజాన్ జున్ను తయారీలో దూడ కడుపు నుంచి తీసిన తోడు వాడతారు గనుక శాకాహారులు చూసుకోవాలి. తిరమిసు అనే తీపి వంటకాన్ని పచ్చిగుడ్డు సొనతో, కొన్ని చోట్ల మద్యం చుక్కతో చేస్తారు. ఇటలీ వరుసలో ముందు పాస్తా గాని రిసొట్టో గాని వస్తుంది, మాంసం ఆ తర్వాత. అన్నీ ఒకేసారి కావాలంటే చెప్పి తెప్పించుకోవచ్చు. రొట్టెను ఇటలీ వారు కూడా చేత్తోనే తుంచి తింటారు.

అన్నిటికన్నా ముందు ఒక పళ్లెం పొలెంటా తెప్పించి తల్లి ముందు పెట్టాలి. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే అది ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. అది ఎలా వండాలో ఆమే చెబుతుంది.